అశ్వక్రీడలు: వివిధ శాఖల పరిచయం

తెలుగులో 'పందెం' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి పోటీ, రెండవది ఒడ్డు. 'పరుగు పందెం' అన్నప్పుడు మొదటి అర్థమూ, 'పందెం కాశాడు' అన్నప్పుడు రెండవ అర్థమూ స్ఫురిస్తాయి. 'గుర్రపు పందెం' అనే సరికి ఈ రెండూ కలిసిపోయి, వినేవారి మనసులో ఒకే దృశ్యం నిలుస్తుంది: మలక్‌పేట రేసు మైదానం, టికెట్ల కిటికీలు, ఉన్నది ఊడ్చుకుపోయి ఇంటిదారి పట్టే మనుషులు. అందువల్ల ధర్మనిష్ఠ గల ముస్లిం కుటుంబాలలో గుర్రపు పోటీ అనే మాటే రుచించదు. జూదం పట్ల ఆ ఏవగింపు సరైనదే. కాని దానితోపాటు, ఇస్లామీయ నాగరికత 'ఫురూసియ్యా' అన్న పేరుతో గౌరవించి, గ్రంథాలు రచించి, తరతరాలు సాధన చేసిన ఒక విద్య కూడా మనకు పరాయిదైపోయింది.

నేడు అంతర్జాతీయంగా జరుగుతున్న అశ్వక్రీడలలో అనేకం కేవలం పరుగు పోటీలు కావు. కొన్నింటిలో వేగానికి విలువే లేదు. ఒక్కొక్క శాఖ గుర్రంలోని ఒక్కొక్క గుణాన్ని, రౌతులోని ఒక్కొక్క నేర్పును పరీక్షిస్తుంది. ఆ శాఖలు ఏవి, వాటి నియమాలేమిటి, బహుమానాల విషయంలోనూ జంతువు విషయంలోనూ ధర్మశాస్త్రం ఏమి చెబుతున్నది అన్న అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

దైవప్రవక్త (స) మదీనాలో గుర్రాల మధ్య పోటీలు జరిపించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఆ ఉల్లేఖనంలో ఒక ముఖ్య విషయం ఉంది. పోటీ కోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిన గుర్రాలకు అల్ హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు, అంటే సుమారు ఐదారు మైళ్ళ దూరం నిర్ణయించారు. అలా సిద్ధం కాని గుర్రాలకు సనియ్యతుల్ వదా నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు, అంటే సుమారు ఒక మైలు మాత్రమే నిర్ణయించారు. గుర్రాన్ని సిద్ధం చేసే ఆ పద్ధతికి 'తద్మీర్' అని పేరు. మొదట గుర్రాన్ని బాగా మేపి బలిష్ఠం చేస్తారు. తరువాత దాణాను క్రమంగా తగ్గించి, ఒంటిపై దుప్పట్లు కప్పి చెమట పట్టిస్తారు. కొవ్వు కరిగి కండ గట్టిపడుతుంది. శక్తిని బట్టి గుర్రాలను విభజించి, శక్తికి మించిన దూరం పరుగెత్తించకపోవడం ఆ పోటీల మొదటి నియమం. నేటి అశ్వక్రీడలలో కనిపించే స్థాయీభేదాలకు కూడా ఆధారం ఇదే సూత్రం.

తరువాతి శతాబ్దాలలో ఈ విద్య శాస్త్రంగా రూపొందింది. హిజ్రీ మూడవ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫా అశ్వశాలకు అధికారిగా ఉన్న ఇబ్ను అఖీ హిజామ్ స్వారీపైన, గుర్రాల వైద్యంపైన గ్రంథరచన చేశాడు. మమ్‌లూక్ సుల్తానుల కాలంలో ఈజిప్టు, సిరియా దేశాలు ఈ విద్యకు కేంద్రాలయ్యాయి. ఎత్తైన స్తంభంపై ఉంచిన గురిని పరుగెత్తే గుర్రంపై నుండి బాణంతో కొట్టే 'ఖబఖ్', ఈటె విద్యలు, చౌగాన్ ఆనాటి మైదానాలలో నిత్యకృత్యాలు. హిజ్రీ 751లో మరణించిన ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) 'అల్ ఫురూసియ్యా' అనే గ్రంథంలో పోటీలకు సంబంధించిన ధర్మశాస్త్ర సమస్యలను వివరంగా చర్చించారు. స్పానిష్ భాషలో రౌతును 'హినేతే' అంటారు. ఉత్తర ఆఫ్రికాలోని జనాతా తెగ అశ్వికుల పేరు నుండి వచ్చిన మాట అది. పశువైద్యునికి ఆ భాషలో ఉన్న పాతపేరు 'అల్‌బేయితార్' కూడా అరబీ 'బైతార్' రూపాంతరమే.

ఆధునిక వ్యవస్థ

నేటి అంతర్జాతీయ అశ్వక్రీడలకు నియమాలు రూపొందించే సమాఖ్య 1921లో ఏర్పడింది. దాని కార్యస్థానం స్విట్జర్లాండులోని లోజాన్ నగరం. ఒలింపిక్ క్రీడలలో గుర్రం దూకుడు పోటీలు 1900లో పారిస్‌లో మొదటిసారి జరిగాయి. డ్రెస్సాజ్, జంపింగ్, ఈవెంటింగ్ అనే మూడు శాఖలు 1912 స్టాక్‌హోమ్ క్రీడలలో స్థానం పొందాయి. చాలాకాలం ఇవి సైనికాధికారుల క్రీడలుగానే ఉన్నాయి. 1948లో స్వీడన్ డ్రెస్సాజ్ జట్టు బంగారు పతకం గెలిచినా, జట్టులోని ఒక రౌతు నిజమైన అధికారి హోదా గలవాడు కాడన్న కారణంపై తరువాత ఆ పతకాన్ని రద్దు చేశారు. 1952 హెల్సింకీ క్రీడల నుండి డ్రెస్సాజ్‌లో సామాన్య పౌరులకూ స్త్రీలకూ ప్రవేశం లభించింది. ఆ సంవత్సరమే డెన్మార్కుకు చెందిన లిస్ హార్టెల్ అనే మహిళ, పోలియో వల్ల మోకాళ్ళ దిగువన కాళ్ళు చచ్చుబడినప్పటికీ, పురుషులతో పోటీపడి రజత పతకం గెలుచుకున్నారు. స్త్రీ పురుషులు వేరువేరు వర్గాలు లేకుండా సమానంగా పాల్గొనడం నేటికీ ఒలింపిక్ అశ్వక్రీడల ప్రత్యేకత.

డ్రెస్సాజ్: శిక్షణకు పరీక్ష

డ్రెస్సాజ్ అనే ఫ్రెంచి మాటకు శిక్షణ అని అర్థం. పొడవు 60 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు గల చదునైన ఆవరణలో గుర్రం, రౌతు ముందుగా నిర్ణయించిన కదలికలను వరుసగా చేసి చూపాలి. ఆవరణ అంచుల వెంట అక్షరాల గుర్తులుంటాయి. ఏ అక్షరం వద్ద ఏ కదలిక మొదలుకావాలో, ఎక్కడ ముగియాలో పరీక్షపత్రంలో ఉంటుంది. న్యాయనిర్ణేతలు ప్రతి కదలికకూ సున్న నుండి పది వరకు మార్కులు వేస్తారు. మొత్తం శాతంగా లెక్కిస్తారు.

గుర్రానికి సహజమైన గతులు మూడు: నడక, ఎదురెదురు మూలల గిట్టలు జంటగా పడే దుల్కీ, ఆపైన దౌడు. ఈ గతులనే శిక్షణ ద్వారా ఉన్నతస్థాయికి తీసుకుపోతారు. ఉన్నచోటనే దాదాపు కదలకుండా దుల్కీ వేయడాన్ని పియాఫ్ అంటారు. వెనుక కాళ్ళపై బరువు నిలిపి వలయంగా తిరగడం, దౌడులో అడుగడుగునా ముందుకాలిని మార్చడం వంటివి అత్యున్నత పరీక్షలలో ఉంటాయి. రౌతు ఇచ్చే సంకేతాలు చూసేవారికి కనిపించకూడదు. పిక్కల ఒత్తిడి, నడుము కదలిక, పగ్గంపై వేళ్ళ బిగువు, ఇవే అతని భాష. కళ్ళెం లాగి, మడమ పొడిచి చేయించిన పని ఎంత గొప్పదైనా మార్కులు తగ్గుతాయి. 'రౌతు కొద్దీ గుర్రం' అన్న తెలుగు సామెతకు డ్రెస్సాజ్‌ను మించిన వ్యాఖ్యానం లేదు.

2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ విపుల్ ఛేడా, అనూష్ అగర్వాలా సభ్యులుగా గల భారత జట్టు ఈ శాఖలో బంగారు పతకం గెలిచింది. అశ్వక్రీడలలో భారతదేశానికి 41 సంవత్సరాల తరువాత లభించిన ఆసియా స్వర్ణం అది.

షో జంపింగ్: దూకుడు పోటీ

నియమాలు సులభంగా అర్థమయ్యే శాఖ ఇదే. ఆవరణలో రంగురంగుల అడ్డుకమ్మీలతో, గోడలతో, నీటిగుంటతో అమర్చిన అవరోధాలను నిర్ణీత క్రమంలో, నిర్ణీత సమయంలో దాటాలి. కమ్మీని తాకినా ఫరవాలేదు, పడగొడితే నాలుగు దోషాలు. గుర్రం దూకడానికి మొరాయిస్తే నాలుగు దోషాలు, రెండవసారి మొరాయిస్తే పోటీ నుండి తొలగింపు. రౌతు పడిపోయినా తొలగింపే. సమయం మించితే అదనపు దోషాలు చేరుతాయి. దోషాలు లేనివారు ఒకరికంటే ఎక్కువ మంది ఉంటే, కుదించిన మార్గంపై గడియారంతో మళ్ళీ పోటీ జరుగుతుంది. ఒలింపిక్ స్థాయిలో అవరోధాల ఎత్తు 1.65 మీటర్ల వరకు ఉంటుంది.

పోటీకి ముందు రౌతు కాలినడకన మార్గమంతా తిరిగి, అవరోధాల మధ్య దూరాన్ని అడుగులతో కొలుస్తాడు. దౌడులో గుర్రం ఒక అంగ సుమారు మూడున్నర మీటర్లు. రెండు అవరోధాల మధ్య ఎన్ని అంగలు పడతాయో, వాటిని సాగదీయాలో కుదించాలో అతను ముందే నిర్ణయించుకుంటాడు. గుర్రం మాత్రం ఆ మార్గాన్ని పోటీ సమయంలోనే మొదటిసారి చూస్తుంది. దాని కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల నుదుటికి ఎదురుగా, అతి సమీపంలో ఉన్న వస్తువు దానికి కనిపించదు. అంటే పైకి లేచే చివరి క్షణంలో అది తాను దాటవలసిన కమ్మీని చూడలేదు. అంతకుముందు చూసిన దానిపైనా, వీపుపై ఉన్న మనిషిపైనా నమ్మకంతోనే దూకుతుంది.

పూర్వం దూకేటప్పుడు రౌతులు వెనక్కి వాలేవారు. ఆ బరువు గుర్రం నడుముపైన, కళ్ళెం లాగుడు దాని నోటిపైన పడేవి. ఇటలీ అశ్వికదళానికి చెందిన ఫెదెరీకో కాప్రిల్లి (1868-1907) గుర్రాల సహజమైన దూకుడును గమనించి, రౌతు ముందుకు వంగి, రికాబులలో కాస్త లేచి, పగ్గం వదులు చేయాలని బోధించాడు. జంతువుకు నొప్పి తగ్గింది, దూకే ఎత్తూ పెరిగింది. నేడు ప్రపంచమంతటా అనుసరిస్తున్నది ఆ పద్ధతినే.

ఈ శాఖలో ముస్లిం దేశాల రౌతులు కూడా ఒలింపిక్ పతకాలు గెలిచారు. 2000 సిడ్నీ క్రీడలలో సౌదీ అరేబియాకు చెందిన ఖాలిద్ అల్ ఈద్ వ్యక్తిగత కాంస్యం, 2012 లండన్ క్రీడలలో సౌదీ జట్టు కాంస్యం సాధించారు.

ఈవెంటింగ్: మూడు పరీక్షల సమాహారం

అశ్వికదళంలోని గుర్రానికి కావలసిన గుణాలన్నింటినీ ఒకే పోటీలో పరీక్షించే శాఖ ఇది. అందుకే కొన్ని దేశాలలో దీనికి 'మిలిటరీ' అనే పేరు వాడుకలో ఉండేది. ఒకే గుర్రం, ఒకే రౌతు మొదట డ్రెస్సాజ్, తరువాత బయళ్ళలో క్రాస్ కంట్రీ, చివర జంపింగ్ పూర్తి చేయాలి. కవాతు మైదానంలో విధేయత, యుద్ధభూమిలో సాహసం, మరునాడు తిరిగి పనికివచ్చే ఆరోగ్యం, ఇవే ఆ మూడు దశల అర్థాలు.

వీటిలో కఠినమైనది క్రాస్ కంట్రీ. దుంగలు, కందకాలు, నీటిమడుగులు, గట్లు మొదలైన స్థిరమైన అవరోధాలను నిమిషానికి 570 మీటర్ల వరకు వేగంతో దాటుకుంటూ పోవాలి. మొరాయిస్తే 20 దోషాలు. నిర్ణీత సమయం మించితే ప్రతి సెకనుకూ 0.4 దోషం. ఈ అవరోధాలు పడిపోయేవి కానందున, గుర్రం కాలు తగిలి పల్టీ కొట్టి రౌతుపై పడిన దుర్ఘటనలు పూర్వం అనేకం జరిగాయి. ప్రాణాలు పోయాయి. అందుచేత బలంగా తాకినప్పుడు విడిపోయే కీలకాలను కొన్ని అవరోధాలకు అమరుస్తున్నారు. జంపింగ్‌కు ముందు పశువైద్యులు, న్యాయనిర్ణేతలు ప్రతి గుర్రాన్నీ గట్టినేలపై దుల్కీ వేయించి చూస్తారు. కుంటినట్లు తేలితే, అప్పటివరకు ప్రథమస్థానంలో ఉన్నా ఆ గుర్రం పోటీ అంతటితో ముగుస్తుంది.

భారతదేశానికి ఎక్కువ కీర్తి తెచ్చిన శాఖ ఇదే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘుబీర్ సింగ్ వ్యక్తిగత స్వర్ణం, గులాం ముహమ్మద్ ఖాన్ రజతం, ప్రహ్లాద్ సింగ్ కాంస్యం గెలిచారు. జట్టు స్వర్ణం కూడా భారత్‌కే దక్కింది. ఇంతియాజ్ అనీస్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడలలో ఫవాద్ మీర్జా వ్యక్తిగత, జట్టు రజత పతకాలు సాధించి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచారు.

ఎండ్యూరెన్స్: దూరప్రయాణ పరీక్ష

అరబ్బు జాతి గుర్రానికి పుట్టినిల్లు వంటి శాఖ ఇది. ఆధునిక రూపంలో దీనికి నాంది 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పడింది. 100 మైళ్ళ పర్వతమార్గాన్ని ఒక్క రోజులో దాటే టెవిస్ స్వారీ ఆ సంవత్సరం మొదలయింది. 1978లో అంతర్జాతీయ సమాఖ్య ఈ శాఖను గుర్తించింది. 1986లో తొలి ప్రపంచ పోటీ రోమ్‌లో జరిగింది. నేడు అత్యున్నత స్థాయిలో దూరం 160 కిలోమీటర్లు. దానిని ఒకే గుర్రం ఒకే రోజులో పూర్తి చేయాలి. ఆ దూరానికి దిగే గుర్రానికి కనీసం 8 సంవత్సరాల వయస్సుండాలి.

మార్గాన్ని కొన్ని ఆవృత్తాలుగా విభజిస్తారు. ప్రతి ఆవృత్తం చివర పశువైద్య పరీక్ష ఉంటుంది. నిర్ణీత నిమిషాలలో గుర్రం గుండె కొట్టుకునే వేగం నిమిషానికి 64కు లేదా అంతకు తక్కువకు దిగాలి. విశ్రాంతిలో ఉన్న గుర్రం గుండె నిమిషానికి సుమారు 30 నుండి 40 సార్లు కొట్టుకుంటుంది. అంటే కష్టం నుండి అది ఎంత త్వరగా కోలుకుంటున్నదో ఈ లెక్క వల్ల తెలుస్తుంది. తరువాత వైద్యులు మెడచర్మాన్ని పట్టి వదిలి, అది వెంటనే యథాస్థానానికి వచ్చిందా అని చూసి ఒంటిలోని నీటిని అంచనా కడతారు. చిగుళ్ళ రంగు చూస్తారు, పేగుల చప్పుడు వింటారు, దుల్కీ వేయించి కుంటి ఉందేమో గమనిస్తారు. వీటిలో దేనిలో విఫలమైనా గుర్రం అక్కడే ఆగిపోవాలి. గమ్యాన్ని అందరికంటే ముందు చేరిన గుర్రం కూడా చివరి పరీక్షలో నెగ్గిన తరువాతనే విజేత అవుతుంది. పూర్తి చేయడమే గెలుపు అన్న భావం ఈ శాఖలో మొదటి నుండీ ఉంది.

అరబ్బు గుర్రం ఇందులో రాణించడానికి కారణాలున్నాయి. దాని శరీరం సన్నన, చర్మం పలుచన. ఒంటిలోని వేడిని త్వరగా వెలుపలికి పంపగలదు. అలసట లేకుండా ఎక్కువసేపు పనిచేసే కండపోగులు దానిలో ఎక్కువ.

అయితే ఈ శాఖలోనే అతి తీవ్రమైన అపచారాలు కూడా జరిగాయి. ఎడారిలో చదునైన మార్గాలపై వేగం విపరీతంగా పెరిగి, కాళ్ళ ఎముకలు విరిగిన గుర్రాల విషయం బయటికి వచ్చింది. గుర్రాల వెంట వాహనాలు బారులు తీరి పోవడం, హారన్లు మోగించడం, కేకలు వేసి అదిలించడం ఆరోపణలలో భాగం. 2015 మార్చిలో అంతర్జాతీయ సమాఖ్య గుర్రాల సంక్షేమం, నియమోల్లంఘనల కారణంగా యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ సమాఖ్యను సస్పెండ్ చేసింది. సంస్కరణలకు ఒప్పందం కుదిరిన తరువాత ఆ సంవత్సరం జూలైలో సస్పెన్షన్ తొలగించింది. అదే దేశంలోని బూతిబ్ కేంద్రంలో 2016 నుండి గంటకు 20 కిలోమీటర్ల వేగపరిమితి, మరింత కఠినమైన గుండెవేగ నియమం ప్రవేశపెట్టారు. ఆ తప్పును సరిదిద్దే మార్గం కూడా ఆ నేలపైనే దొరికింది.

ఇక్కడ ఒక హదీసు భావాన్ని గుర్తుచేయడం అవసరం. పోటీలలో 'జలబ్', 'జనబ్' రెండింటినీ దైవప్రవక్త (స) నిషేధించారు. పోటీలో ఉన్న గుర్రం వెనుక మరొకరు వెంటపడి కేకలతో అదిలించి పరుగెత్తించడం జలబ్. పక్కన మరొక గుర్రాన్ని నడిపించుకుపోయి, మొదటిది అలసినప్పుడు రెండవదానిపైకి మారడం జనబ్. ఇమామ్ మాలిక్ (రహ్మ) మొదలైనవారు చేసిన వివరణ ఇదే. నేటి నియమావళి కూడా బయటివారి సహాయాన్ని నిర్ణీత స్థలాలకే పరిమితం చేస్తున్నది. గుర్రం మార్పిడి జరగకుండా గుర్తింపుపత్రం, మైక్రోచిప్ తప్పనిసరి చేసింది. పద్నాలుగు వందల సంవత్సరాల క్రితం ఒంటెల మీద, గుర్రాల మీద పోయేవారికి చెప్పిన నిషేధం నేడు మోటారు వాహనాలలో పోయేవారికి ఇంకా నేరుగా వర్తిస్తుంది.

ఈ శాఖలో భారతదేశానికి పేరు తెచ్చినవారు కేరళలోని మలప్పురం జిల్లాకు చెందిన నిదా అంజుం చేలాట్. 2023లో ఫ్రాన్సులో జరిగిన జూనియర్, యువరౌతుల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లను పూర్తి చేసిన తొలి భారతీయురాలు ఆమె. 2024లో ఆ దేశంలోనే మోంపాజియే వద్ద జరిగిన సీనియర్ ప్రపంచ పోటీలో 160 కిలోమీటర్లు పూర్తి చేశారు. తలపై హిజాబుతో, వైద్యపరీక్షలన్నింటిలో నెగ్గిన గుర్రంతో ఆమె గమ్యం చేరారు.

నేజాబాజీ, చౌగాన్

ఈ రెండూ అంతర్జాతీయ సమాఖ్య పరిధిలోనివి కావు. వీటికి వేరే సంస్థలున్నాయి. నేజాబాజీలో రౌతు గుర్రాన్ని పూర్తి వేగంతో పరుగెత్తిస్తూ, నేలలో పాతిన చిన్న చెక్కమేకును ఈటెమొనతో పొడిచి పైకెత్తుకుపోవాలి. మేకును నిర్ణీత దూరం మోసుకుపోతే పూర్తి మార్కులు, నేల నుండి పెకలించి జారవిడిస్తే కొన్ని, ఊరకే తాకితే ఇంకా తక్కువ. 1982 ఆసియా క్రీడలలో ఈ పోటీ కూడా జరిగింది. రూపిందర్ సింగ్ బ్రార్ స్వర్ణం గెలిచారు. నిజాం కాలపు హైదరాబాదులో అశ్వికదళాలకు ఇది అభిమాన క్రీడ. మొదటి ప్రపంచ యుద్ధంలో జోధ్‌పూర్, మైసూరు దళాలతో కలిసి పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాదు లాన్సర్లు ఇటువంటి మైదానాలలో తయారైనవారే. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల దళాలకు గుర్తు.

చౌగాన్ నేటి పోలోకు పూర్వరూపం. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో సఫవీ పాలకుల మైదానంలో రాతి గోలుస్తంభాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రంపై నుండి పడి మరణించాడు. మణిపురి ఆట నుండి నేర్చుకున్న ఆంగ్లేయులు 1859లో సిల్చర్‌లో పోలో క్లబ్బు స్థాపించారు. జట్టుకు నలుగురు. ఆట 'చుక్కా'లుగా సాగుతుంది. చుక్కా అన్నది మన 'చక్కర్' మాటే. ఒక చుక్కా ఆడిన గుర్రాన్ని మార్చి మరొకదానిని తెచ్చుకోవడం ఆనవాయితీ. ఎడమచేత్తో కర్ర పట్టడం ప్రమాదకరమని నిషేధం. బంతి సాగే దారిని అడ్డగించడం పెద్ద నేరం.

ఇతర శాఖలు

బండి తోలే పోటీని డ్రైవింగ్ అంటారు. ఒకటి, రెండు లేక నాలుగు గుర్రాలు కట్టిన బండితో శిక్షణపరీక్ష, దూరపరీక్ష, ఇరుకైన గుర్తుల మధ్య నేర్పుగా దూసుకుపోయే పరీక్ష ఉంటాయి. వాల్టింగ్‌లో గుర్రం వలయాకారంగా దౌడు తీస్తుండగా దాని వీపుపై క్రీడాకారులు వ్యాయామ విన్యాసాలు చేస్తారు. వికలాంగుల డ్రెస్సాజ్ 1996 అట్లాంటా నుండి పారాలింపిక్ క్రీడలలో ఉంది. వైకల్యం తీవ్రతను బట్టి పోటీదారులను ఐదు తరగతులుగా విభజిస్తారు. నడవలేని మనిషికి నాలుగు కాళ్ళు దొరికే చోటు అది.

బహుమానం, జూదం

ఒంటె, గుర్రం, బాణం, ఈ మూడింటి పోటీలలో బహుమానం ధర్మసమ్మతమని హదీసు వల్ల తెలుస్తున్నది. అవి ఆనాటి సమాజ రక్షణకు సాధనాలు కావడమే కారణమని విద్వాంసులు వివరించారు. హనఫీ ఫుఖహా కాలినడక పరుగుకు కూడా దీనిని వర్తింపజేశారు. బహుమానం ఎక్కడి నుండి వస్తుందన్నది ముఖ్యమైన ప్రశ్న. పాలకుడో, పోటీలో లేని మూడవ వ్యక్తియో ఇస్తే ధర్మసమ్మతం. పోటీదారులలో ఒక్కడే ఒడ్డి, తాను ఓడితే ఎదుటివానికి ఇస్తాననడం కూడా అధికసంఖ్యాకుల దృష్టిలో అనుమతించదగినదే. ఇద్దరూ ఒడ్డి, గెలిచినవాడు రెండూ తీసుకుంటే అది జూదం. ఏమీ ఒడ్డకుండా, గెలిచే అవకాశం నిజంగా ఉన్న మూడవ రౌతు ఒకడు చేరితే ఆ దోషం తొలగుతుందని అనేకమంది ఫుఖహా అభిప్రాయం. అతనిని 'ముహల్లిల్' అంటారు. ఆ షరతు అవసరం లేదని ఇబ్ను తైమియా, ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) వాదించారు.

గమనించదగిన విషయం ఏమంటే, ఈ చర్చ అంతా పోటీలో దిగినవారి గురించే. గట్టుపై కూర్చుని ఎవరి గుర్రం గెలుస్తుందో పందెం కాసే ప్రేక్షకునికి ఇందులో ఏ మినహాయింపూ లేదు. 1996లో భారత సుప్రీంకోర్టు గుర్రపు పందెం నైపుణ్యంపై ఆధారపడినదని, అది జూదం కిందికి రాదని తీర్పు చెప్పింది. అది దేశచట్టానికి సంబంధించిన నిర్వచనం. ధర్మశాస్త్రం చూసేది పరుగులో నైపుణ్యం ఉందా లేదా అన్నది మాత్రమే కాదు, ఒకరి సొమ్ము మరొకరికి ఏ మార్గాన చేరుతున్నది అన్నది కూడా. పైన వివరించిన డ్రెస్సాజ్, జంపింగ్, ఎండ్యూరెన్స్ మొదలైన క్రీడలకు పందెపు కిటికీ అవసరం లేదు. నిర్వాహకుల బహుమానంతో అవి సాగుతాయి. కనుక మలక్‌పేట టికెట్ల కిటికీని, మదీనా మైదానాన్ని ఒకే పేరుతో పిలిచి రెండింటినీ కలిపి తోసిపుచ్చడం న్యాయం కాదు.

గుర్రం హక్కు

ధర్మశాస్త్రం వేసే రెండవ ప్రశ్న జంతువు గురించి. జంతువుల వీపులను వేదికలుగా చేసుకుని, వాటిపై ఊరకే కూర్చుని ప్రసంగాలు చేయవద్దన్న భావం గల హదీసు ఉంది. వాటిని ప్రయాణానికి మన వశం చేసినది అల్లాహ్. అవసరం తీరిన తరువాత దిగిపోవడం రౌతు బాధ్యత. పతకం కోసం ఈ హద్దు దాటడం అన్ని శాఖలలోనూ జరిగింది. డ్రెస్సాజ్‌లో గుర్రం మెడను బలవంతంగా ఛాతీ వరకు వంచి ఉంచే పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య 2010లో తోసిపుచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ముందు, శిక్షణలో గుర్రాన్ని కొరడాతో పదేపదే కొట్టిన దృశ్యం వెలువడగా, ఒక ప్రసిద్ధ ఒలింపిక్ విజేత పోటీ నుండి తప్పుకోవలసి వచ్చింది. 2021 టోక్యోలో ఆధునిక పెంటథ్లాన్ పోటీలో భయపడిన గుర్రాన్ని కొట్టిన ఘటన తరువాత, 2024 క్రీడలు ముగిశాక ఆ పోటీ నుండి స్వారీనే తొలగించాలని నిర్ణయించారు.

గుర్రం తనకు నొప్పిగా ఉందని నోటితో చెప్పలేదు. పరుగెత్తమంటే ప్రాణం పోయేదాకా పరుగెత్తే స్వభావం దానిది. అందుకే దాని తరఫున మాట్లాడే వైద్యుడు, ఆపమనే న్యాయనిర్ణేత, ఆగే రౌతు కావాలి. ఖుర్ఆన్‌లోని ఆదియాత్ సూరా ఆయాసపడుతూ పరుగెత్తే గుర్రాలపై ప్రమాణంతో మొదలై, వెంటనే మనిషి తన ప్రభువు పట్ల చూపే కృతఘ్నత వైపు మళ్ళుతుంది. యజమాని కోసం గుర్రం అంత కష్టపడుతుంటే మనిషి తన యజమానికి ఏమి చేస్తున్నాడన్నది అక్కడి ప్రశ్న అని వ్యాఖ్యాతలు వివరించారు. అశ్వక్రీడలలో ప్రవేశించే ముస్లిం యువకుడు గానీ యువతి గానీ జీను బిగించే ముందు ఈ రెండు బాధ్యతలనూ జ్ఞాపకముంచుకోవాలి: సొమ్ములో జూదం కలవకూడదు, గెలుపులో జంతుహింస కలవకూడదు. ఈ రెండూ పాటించిన చోట ఫురూసియ్యా మళ్ళీ మన విద్యే అవుతుంది.